లైటుకి తలంటు

రజనీకుమారికి చిన్న కోపం తెలుగులో వస్తుంది, పెద్ద కోపం హిందీలో వస్తుంది. ఆ పొద్దున్న హిందీలోనే వచ్చింది.

"అరే, ఖుల్ నా యార్! ఖుల్!"

తెరుచుకోమని ఆవిడ తిడుతున్నది మనిషిని కాదు, టార్చిలైటుని. భిలాయిలో రిసాలి క్వార్టర్లో వంటింటి గడప మీద కూర్చుని, లైటుని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి, వెనక మూతని తువ్వాలుతో పట్టుకుని తిప్పుతోంది. మూత తిరగదు. పాత సెల్ తీసి చార్జయిన సెల్ వేసుకోవాలి, మొదటి షిఫ్టుకి గేటు దగ్గర ఉండాలి, ఈ మూతేమో మొండికేసింది. అరచేతులు ఎర్రబడ్డాయి గాని అది వెంట్రుకవాసి కదల్లేదు.

పొయ్యి దగ్గర టీ వడగడుతున్న అత్తగారు నూకమ్మ ఇటు తిరిగి చూసింది.

"ఆముదం సుక్కెయ్యవే గుంటా. మీ మావ లైటుకి ప్రెతి శుక్కురారం నానే రాసీదాన్ని. ఆయన రిటైరయ్యీదాకా ఒక్కనాడు బిగుసుకోనేదు."

"మావయ్య లైటు ఇత్తడిది అత్తా. దాన్లో రబ్బరు రింగే లేదు. ఇది వేరే. నువ్వు ఊరుకో, ప్లీజ్."

"ఊరుకోమంటే ఊరుకుంటాను. నాకేటి," అని నూకమ్మ టీ గ్లాసు గడప మీద ఠంగుమనిపించి పెట్టింది.

ఆఖరికి మూత కిర్రుమంటూ వచ్చింది. చూస్తే, సన్నగా గాడిలో ఒదిగి ఉండాల్సిన నల్ల రబ్బరు రింగు నానేసిన శనగలా ఉబ్బి బయటికి పొంగి ఉంది. గోటితో నొక్కి నొక్కి లోపలికి తోసి, మూత బలవంతాన బిగించి, టీ తాగకుండానే స్కూటరెక్కింది.

స్టీలు ప్లాంటులో నేల కింద కేబుళ్ళు పోయే సొరంగాలుంటాయి. వాటిని అందరూ టన్నెల్ అంటారు. కొన్నిచోట్ల బల్బులు వెలుగుతాయి, కొన్నిచోట్ల వెలగవు. పై కప్పు నుంచి నీళ్ళు కారుతుంటాయి, గోడల మీద నల్లటి దుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది. ఆ టన్నెల్లో ఈ చివర దిగి ఆ చివర తేలేదాకా నడుస్తూ, ఎక్కడ కేబులు వేడెక్కింది, ఎక్కడ నీళ్ళు దిగాయి, ఎక్కడ పందికొక్కు కొరికింది చూసి రావడం రజని పని. ఇద్దరిద్దరుగా దిగాలి, ఎవరి లైటు వాళ్ళకుండాలి. సెక్షన్‌లో ఇచ్చే ప్లాస్టిక్ లైట్లు వానాకాలం రాగానే చచ్చిపోతాయని, రజని తన డబ్బుతో అల్యూమినియం లైటు కొనుక్కుంది. సొంత లైటు కాబట్టి తలనొప్పి కూడా సొంతమే అయింది.

తండ్రి సర్వీసులో ఉండగా పోతే వచ్చిన ఉద్యోగం అది. మొదటి కొన్నేళ్ళూ ఆఫీసులో కాగితాలకి పిన్నులు కొట్టించారు. ఆడమనిషి నేల కిందికెందుకు అన్నారు. టన్నెల్ పని ఇమ్మని ఆవిడ తిరగని గది లేదు, అడగని మనిషి లేడు. ఇచ్చాక మాత్రం ఎవరూ వంక పెట్టలేనంత బాగా చేసింది. నడుస్తూనే కేబులు వేడి వాసన పట్టేస్తుందని తోటివాళ్ళే ఒప్పుకున్నారు. అలాంటిదానికి ఈ రబ్బరు రింగు ఒకటి దాపురించింది.

ఆ రోజు టన్నెల్ మధ్యలో లైటు ఆరిపోయింది. మూత నలిపిన చోట రింగు తెగింది, అందులోంచి పై నుంచి కారే నీళ్ళు లోపలికి దిగాయి. జత పనివాడు ఖేమ్‌లాల్ సాహు తన లైటు వెనక్కి తిప్పి పట్టుకుని, "ఆవో దీదీ, ధీరే ధీరే," అంటూ ఆవిణ్ణి బయటికి తీసుకొచ్చాడు. మంచివాడు, ఎవరితోనూ అననన్నాడు. కాని మెట్ల పైన ఇన్‌చార్జి తిరుమలరావు నిలబడి ఉన్నాడు.

తిరుమలరావుది శ్రీకాకుళం వైపు. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు. ఆయన చెడ్డవాడైతే రజనికి ఎంతో హాయిగా ఉండేది, కసితీరా తిట్టుకునేది. ఆయన మంచివాడు, అదే వచ్చిన చిక్కు.

"రజనమ్మా, నీ మంచికే సెప్తన్నాను. మా అమ్మాయి లాంటిదానివి. ఎందుకమ్మా నీకీ పాట్లు? కంట్రోల్ రూములో కూకుని రీడింగులు రాసుకో. సల్లగా ఏసీ ఉంటాది."

"సార్, లైటు ఒక్కసారి ఆరింది. ఒక్కసారే కదా సార్."

"పైన ఆరితే లైటు పోద్ది. లోపల ఆరితే మనిషే పోవచ్చు. ఇంకోపాలి ఇలగయితే మరి నన్నేటీ అనకు."

కూర్చుని రాసుకునే ఆ టేబుల్ పని అంటే అందరికీ సుఖం. రజనికి మాత్రం మళ్ళీ పిన్నుల డబ్బా కళ్ళ ముందు కనిపించింది.

రింగు ఎందుకుబ్బింది? గ్రీజు వల్ల. ఏ గ్రీజు? ప్లాంటు గ్రీజు. బేరింగుల దగ్గర తుడిచి పారేసే ఆ గోధుమరంగు గ్రీజు మీద భిలాయి వాళ్ళకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. బూటు పాలిష్ డబ్బాలో పెట్టుకుని గేటు బందులకి, కుట్టు మిషనుకి, సైకిల్ గొలుసుకి, కుక్కరు పిడి మరకి కూడా అదే రాస్తారు. టన్నుల బరువు మోసే చక్రానికి పనికొచ్చింది టార్చిలైటుకి పనికిరాదా అనుకుని రజని కూడా రాసింది. మరలు వెన్నలా తిరిగాయి. రింగు మాత్రం కాస్త కాస్తగా ఆ నూనె తాగి ఉబ్బింది.

మరి ఏం రాయాలి? ఈ ఒక్క ప్రశ్న అడిగినందుకు రజని తల ప్రాణం తోకకొచ్చింది. ఒకడు కొబ్బరినూనె అన్నాడు, ఒకడు పెదాలకి రాసుకునే జెల్లీ అన్నాడు, ఖేమ్‌లాల్ సబ్బు అన్నాడు. ఫోన్లో వీడియోలు చూస్తే ఒకాయన గ్రాఫైట్ కలిసిన గ్రీజు అంటాడు, ఇంకొకాయన అది రాస్తే కొంప మునిగిందే అంటాడు. గూడ్సు బండి నడిపే భర్త గిరీష్ రెండ్రోజులకి ఇంటికొస్తే అతన్నీ అడిగింది. "ఏదో ఒకటి రాయి రజనీ," అని నిద్రపోయాడు. ఏదో ఒకటి రాసే కదా ఇంతదాకా వచ్చింది!

ఊళ్ళో క్యాంప్ 2 బజారులో అప్పలకొండ దుకాణం ఉంది. పంపులకి కావాల్సిన సీళ్ళూ రింగులూ అమ్ముతాడు. తెగిన రింగు తీసుకుని అక్కడికి వెళ్ళింది.

"ఏ పంపుకమ్మా?"

"పంపుకి కాదు, లైటుకి. ఇది ఏ రబ్బరో చెప్పు ముందు."

"నల్ల రబ్బరు."

"నల్లదని నాకూ కనపడుతోంది బాబూ!"

అప్పలకొండ ఏమీ నొచ్చుకోలేదు. రింగుని సాగదీసి, వాసన చూసి, కౌంటరు మీద పెట్టాడు. నల్లగా ఉన్నవన్నీ ఒక జాతి కావనీ, ఒక రకం నూనెకి జంకదనీ, ఇంకో రకం నూనె తగిలితే చాలు ఉబ్బిపోతుందనీ, కంటితో చూసి చెప్పడం దేవుడి తరం కూడా కాదనీ చెప్పాడు.

"ముక్క కోసి డీజిల్లో నానబెట్టండి. పొద్దుటికి ఉబ్బితే దానికి పెట్రోలు నూనెలు పడవన్నమాట. అప్పుడు సిలికాన్ గ్రీజే గతి. కాకపోతే రింగు కూడా సిలికాన్ రబ్బరయితే సిలికాన్ గ్రీజు రాయకండి. అదీ ఉబ్బుద్ది."

"అంటే ఏది రాసినా ఉబ్బుతుంది అంటావు."

"అలగంటే ఎలాగమ్మా, దేని జత దానికుంటాది," అని అదే కొలత రింగులు కొన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇవి ఏ రబ్బరని అడిగితే, "ఇవీ నల్లవే," అన్నాడు.

ఇంటికొచ్చి పాత రింగు ముక్కొకటి, కొత్త రింగు ముక్కొకటి ఆవకాయ సీసా మూతల్లో డీజిల్ పోసి నానేసి కిటికీ దగ్గర పెట్టింది. నూకమ్మ ఇల్లు పీకి పందిరేసింది. వంటింట్లో డీజిలేమిటి, రేపు పప్పులో అదే కంపు, పైగా ఆవకాయ మూతలే దొరికాయా! తిడుతూనే, వచ్చినప్పుడల్లా ఆ మూతల్లోకి తొంగి చూసి పోతూ ఉంది. మర్నాడు పొద్దున్న కోడలి కంటే ముందు తనే చూసి కేకేసింది.

"ఒసేయ్ రజనీ! ఉబ్బినాదే! రెండూ ఉబ్బినాయి!"

తేలిపోయింది. సిలికాన్ గ్రీజే కావాలి. పక్క ఊరు దుర్గ్ వెళ్ళి అడిగితే మొదటి దుకాణం వాడు సిలికాన్ అని ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి మూత తీస్తే పుల్లటి ఘాటు వాసన. అది గ్రీజు కాదు, కిటికీ అద్దాలు అతికించే జిగురు. మరల్లో రాసి ఉంటే ఆ లైటు ఇక రంపంతో కోస్తే తప్ప వచ్చేది కాదు. మళ్ళీ దుర్గ్. ఈసారి కుళాయిలు బాగుచేసే సామాన్ల దుకాణంలో చిన్న డబ్బా దొరికింది. లోపల తెల్లగా, పేరుకున్న నెయ్యిలా ఉంది.

పాత గ్రీజంతా గుడ్డతో తుడిచి, మరల సందులు పాత బ్రష్షుతో తోమి, కొత్త రింగు తొడిగి, దాని మీద పెసరగింజంత గ్రీజు వేలితో పల్చగా పూసింది. మరలకి ఇంకా పల్చగా రాసింది. వెనక మూత లోపలి అంచుని పొడిగా వదిలేసింది. ఆ లైటులో కరెంటు అక్కడి నుంచే పారాలి, అక్కడ ఏం మెత్తినా దీపం మిణుకు మిణుకుమంటుంది. మూత బిగించి నొక్కితే తెల్లటి వెలుగు ఎదురింటి గోడ మీద పడింది. ఇన్నాళ్ళకి సాధించాననుకుని రజని ఆ పూట చిన్నపిల్లలా నవ్వింది.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. మూత మళ్ళీ బరువుగా తిరగడం మొదలెట్టింది. ఇదివరకటిలా బిగుసుకోవడం కాదు, ఏదో జిగురు పట్టి లాగినట్టు. రింగు చూస్తే చక్కగా ఉంది, గాడిలో ఒద్దికగా కూర్చుంది. మరి ఈ బంక ఎక్కడిది? గ్రీజు నకిలీదేమో? దుర్గ్ వాడు మోసం చేశాడేమో? తుడిచి మళ్ళీ రాసింది. నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్ళీ బంక. దుకాణానికి వెళ్ళి కేకలేస్తే వాడు అదే డబ్బాలోది తన కుళాయికి రాసి చూపించాడు. ఆ కుళాయి సుఖంగా తిరిగింది. రజనికి ఒళ్ళు మండిపోయింది. కుళాయి మీద కూడా కోపం వచ్చింది.

రెండోసారి లైటు ఆరింది అప్పుడే. ముందు మిణుకుమంది, అరచేత్తో కొడితే వెలిగింది, మళ్ళీ మిణుకుమంది, ఆరింది. నీరూ లేదు, తడీ లేదు. ఖేమ్‌లాల్ ఈసారి, "ఫిర్ సే, దీదీ?" అన్నాడు. మళ్ళీనా అని అతను మామూలుగానే అడిగాడు గాని ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది.

తిరుమలరావు కేకలేయలేదు. నిట్టూర్చాడు.

"రజనమ్మా, పనిముట్టుని సూసుకోడం కూడా పనే కదా. రెండుపాలయింది. మూడోపాలి మాత్రం నానూరుకోను. టేబులే."

"చూసుకుంటున్నాను సార్, రోజూ చూసుకుంటున్నాను," అంది. తను చూసుకున్నంతగా ఆ సెక్షన్‌లో ఎవరూ చూసుకోరు. ఆ మాట ఎలా రుజువు చెయ్యాలో తెలియక ఏడుపొచ్చింది.

ఆ శుక్రవారం రజనికి వీక్లీ ఆఫ్. తలస్నానం చేసి జుట్టు తుడుచుకుంటూ వెనక వసారాలోకి వచ్చింది. నూకమ్మ పీట వేసుకుని, చింతపండుతో తోమిన దీపం కుందులు ఎండలో ఆరబెట్టి, పక్కన ఆముదం సీసా పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళో టార్చిలైటు ఉంది. మూత తీసి ఉంది. నూకమ్మ చిటికెన వేలు ఆముదంలో ముంచి, మరల చుట్టూ, అంచుతో సహా, ఎంతో శ్రద్ధగా రాస్తోంది. రాసి, మూత బిగించి, లైటు నడుము మీద కుంకుమ బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుంది. ఆ బొట్టు మీది కుంకుమ పొడి రాలి మూత సందులో పడింది.

రజనికి కోపం ఏ భాషలో రావాలో తెలియనంతగా వచ్చింది.

"అత్తా! క్యా కర్ రహీ హో! ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావు ఇది?"

నూకమ్మ ఉలిక్కిపడి లైటుని కొంగులో దాచుకుంది, అక్కడికి అది కనపడకుండా పోతుందన్నట్టు.

"నువ్వా రోజు తిట్టుకుంటా తిప్పినావు కదే. అప్పట్నుంచీ ప్రెతి శుక్కురారం... బొట్టెట్టి తుడిసీసీదాన్ని. నీకు తెలిస్తే అరుస్తావని."

"ఈ ఆముదం వల్లే! ఈ ఆముదం వల్లే నేను లోపల చీకట్లో నిలబడ్డాను! నా ఉద్యోగం పోతోంది ఇక్కడ! దుర్గ్ దాకా వెళ్ళి కొట్టువాడితో దెబ్బలాడాను, వాడి తప్పేం లేదు! నేనంటే నీకు ఏంటి అంత..." అని ఆగింది. ఇక అంటే పెద్ద మాట అయిపోతుందని తెలుసు.

నూకమ్మ లైటు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అన్నానికి పిలవలేదు, పిలిస్తే పలకలేదు. సాయంత్రానికి మాత్రం ఆవకాయ మూత ఒకటి తెచ్చి కోడలి ముందు పెట్టింది. మూతలో ఆముదం, ఆముదంలో నల్ల రబ్బరు ముక్క.

"సూడు. పొద్దున్నే ఏసినాను. ఉబ్బినాదేటి? నా ఆముదం ఏటీ సెయ్యనేదు. నీ డీజిలే ఉబ్బించింది. నీ ప్లాంటు గ్రీజే ఉబ్బించింది. నామీద ఏసీకు."

రజని ముక్కని తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. నిజమే. ముక్క ఉబ్బలేదు, మెత్తబడలేదు. ఆ రబ్బరుకి ఆముదం పడింది. ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిన్నుల డబ్బా కళ్ళ ముందు ఆడుతుంటే, ఇక్కడ డెబ్బై ఏళ్ళ మనిషికి మర సంగతి వేరూ రింగు సంగతి వేరూ అని పాఠం చెప్పాలి.

లేచి వెళ్ళి దేవుడి గూట్లోంచి, ఆ వారం ఇంకా తోమని మూల కుందిని తెచ్చింది. వత్తి పెట్టే ముక్కు దగ్గర కారిన ఆముదం ఎండి, ముదురు గోధుమరంగులో గట్టి జిగురయి ఉంది. అత్తగారి వేలు పట్టుకుని దాని మీద రాయించింది.

"ఇదేంటి?"

"ఆముదం ఎండి కట్టిన బంక. ఎన్నిపాలు తోమినా ఒదల్దు, ఎదవది."

"ఇదే నా లైటు మరల్లో ఉంది అత్తా. దీనికి టన్నెల్ దుమ్ము తోడు, నీ కుంకుమ తోడు. కరెంటు పారాల్సిన చోట ఇది అడ్డం కూర్చుంది. రింగుకి ఆముదం మంచిదే. మరలకే పడదు. మావయ్య ఇత్తడి లైటుకి నువ్వు వారం వారం తోమి రాసేదానివి కాబట్టి నడిచిపోయింది."

నూకమ్మ ఆ కుంది ముక్కుని చాలాసేపు గోటితో గీకింది. తర్వాత గోడకేసి తిరిగి అంది.

"గిరీష్‌గాడు ఇంజన్ మీదుంటే పైన ఆకాశం కనపడతాది. ఎక్కడో దగ్గర ఉన్నాడని దండం ఎడతాను. నువ్వు నేల కిందకెల్లిపోతావు. నీకేటి సెయ్యాలో నాకు తెల్దు. ఆ లైటొకటే నాకు సేతికందినాది."

రజని మరలు తోమడం మొదలెట్టింది. కోపం సగం పోయి, పోయిన చోట ఇంకేదో బరువు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఇద్దరూ అవసరానికి మించి మాట్లాడుకోలేదు. లైటు మళ్ళీ హాయిగా తిరగసాగింది, బంక లేదు, మిణుకు లేదు. కాని ఈ సంగతి తిరుమలరావుకి ఎలా చెప్పడం? మా అత్తగారు దొంగచాటుగా ఆముదం రాసింది సార్ అంటే, ఇంట్లో ముసలామెనీ అదుపు చెయ్యలేదు, లైటునీ అదుపు చెయ్యలేదు అని సెక్షన్ అంతా నవ్వుతుంది. అసలు కారణం చేతిలో పెట్టుకుని నోరు మూసుకోవాల్సిన కర్మ ఆవిడది.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు సెక్షన్‌లో పనిముట్లన్నీ కడిగి, ఎర్రగుడ్డ మీద వరసగా పేర్చి, ఒక్కోదానికి మిషను నూనె చుక్క పోసి, బొట్టు పెట్టి పూజ చేస్తారు. పనిముట్లకి ఏడాదికోసారి తలంటు అని తిరుమలరావు నవ్వుతూ చెబుతాడు. నూనె కుప్పె ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుంది. ఆ రోజు ఇంటివాళ్ళని కూడా పాసు మీద లోపలికి రానిస్తారు. గిరీష్ డ్యూటీలో ఉన్నాడు. మాట్లాడకపోయినా, నూకమ్మ పట్టుచీర కట్టుకుని స్కూటరు దగ్గర నిలబడి ఉంది.

ఎర్రగుడ్డ మీద రెంచీలు, కట్టర్లు, మీటర్లు, ఆ చివర లైట్లు. రజని తన లైటుని పెట్టకుండా ఉండాలనుకుంది. కాని పనిముట్టుని విశ్వకర్మ దగ్గర పెట్టనన్నదని పేరొస్తే, ఇక టేబుల్ మీద కూర్చోబెట్టడానికి మూడోసారి లైటు ఆరనక్కర్లేదు. పెట్టింది. పెట్టాక ఒకటే ఆలోచన. మిషను నూనె డీజిల్ జాతిదే. మూత సందులో చుక్క పడితే పాకుతూ లోపలికి పోతుంది. రింగు మళ్ళీ ఉబ్బుతుంది. ఎంత తుడిచినా ఇక లైటు మీద నమ్మకం ఉండదు. ఆపమని అంటే పూజ ఆపినట్టు.

తిరుమలరావు నూకమ్మని చూసి చేతులు జోడించాడు.

"పిన్నిగారూ, మీరైనా సెప్పండి. లైటు రెండుపాలు ఆరిపోనాది లోపల. మూడోపాలి దాకా ఎందుకు? పూజయ్యాక రేపట్నుంచి టేబుల్ మీద ఏసీద్దారి అనుకుంటన్నాను. పనిముట్టుని సరిగ్గా సూసుకోనోళ్ళని కిందకెలా పంపుతాను? ఏటంటారు?"

అడగకూడని మనిషిని అడిగాడు. కోడలు నేల కిందికి దిగకుండా ఉంటే చాలునని రోజూ మొక్కుకునే మనిషి ఇంకేమంటుంది? ఒక్క 'ఊఁ' అంటే చాలు. అడ్డుపడదామంటే పది మంది చూస్తున్నారు.

నూకమ్మ చూపు ఆయన చేతిలోని నూనె కుప్పె మీద ఉంది. తిరుమలరావు కుప్పె వంచుకుంటూ వరసగా వచ్చాడు. రెంచీకో చుక్క, కట్టరుకో చుక్క, ఖేమ్‌లాల్ లైటుకో చుక్క. రజని లైటు మీదికి కుప్పె వంచబోయాడు.

"ఆగు బాబూ!"

నూకమ్మ ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"దానికి ఈ నూనె పడదు. రబ్బరు ఉబ్బిపోద్ది. నానబెట్టి సూసినాం మావు. బొట్టెట్టు, నడుం మీదెట్టు, సందులో రాలనీకు. నూనె మాత్రం ఒద్దు."

అందరూ తిరిగి చూశారు. తిరుమలరావు కుప్పె గాల్లో పట్టుకునే నిలబడ్డాడు.

"ఇంకోటి," అంది నూకమ్మ. "రెండోపాలి లైటారిపోడం దాని తప్పు కాదు. అది పిల్లని సూసుకున్నట్టు సూసుకుంటాది. నానే దొంగతనంగా ఆముదం రాసినాను. దానికి తెల్దు. బంక కట్టీసినాది. ఇంట్లో నామీద అరిసింది గాని నీకు సెప్పుకోనేదు సూడు. తప్పు నాది. టేబుల్ మీద కూకోబెడితే నన్ను కూకోబెట్టు."

ఖేమ్‌లాల్‌కి తెలుగు సగమే అర్థమవుతుంది. ఆ సగానికే పగలబడి నవ్వాడు. తక్కినవాళ్ళూ నవ్వారు. తిరుమలరావు నవ్వాలా వద్దా అని కాసేపు చూసి, కుప్పె పక్కన పెట్టి, వేలితో కుంకుమ తీసి లైటు నడుం మీద జాగ్రత్తగా చిన్న బొట్టు పెట్టాడు.

"రేపు మొదటి షిఫ్టు రజనమ్మా. టన్నెలే. ఖేమ్‌లాల్ తోటి," అన్నాడు.

రజని తల దించుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చున్నీ దొరకలేదు.

ప్రసాదం తిన్నాక నూకమ్మ, "ఏదీ, ఆ దిగీ సోటు సూపించు," అంది. రజని తీసుకెళ్ళింది. ఇనప తలుపు తీస్తే మెట్లు కిందికి పోయాయి. నాలుగు మెట్ల తర్వాత ఏమీ కనిపించదు. లోపలి నుంచి తడి వేడి గాలి ముఖానికి కొట్టింది. నూకమ్మ కోడలి మణికట్టు పట్టుకుంది, గాజులు నొక్కుకునేంత గట్టిగా.

"ఇందులోకేనేటి?"

"ఇందులోకే."

"ఒక్క బల్బూ నేదేటే?"

"కొంచెం దూరం పోయాక ఉంటాయి అత్తా."

నూకమ్మ లైటు అడిగి తీసుకుంది. వెనక మూత తిప్పింది. సులువుగా వచ్చింది. రింగు మీద వేలు తిప్పి చూసి, పైకి పొంగిందేమోనని వెలుగుకి పెట్టి చూసి, మళ్ళీ మూత బిగించి, నొక్కింది. వెలుగు మెట్ల మీదుగా కిందికి జారి, తడి గోడ మీదుగా పోయి, సొరంగం మలుపు దగ్గర ఆగింది.

"ఆ మూల తరవాత?"

"ఇంకా చాలా ఉంటుంది."

నూకమ్మ వంగి ఆ మూలకేసి చూసింది.

"ఇంత సీకటని తెలిస్తే, ఆ బాబుతో అలగ సెప్పకపోదును," అంది చివరికి.

రజని చెయ్యి చాచింది. నూకమ్మ లైటు వెంటనే ఇవ్వలేదు. మలుపు దగ్గరి ఆ వెలుగునే చూస్తూ, మిణుకుమంటుందేమోనని కాబోలు, ఇంకాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.